వస్త అంటే ఎటు

తొమ్మిదీ ఇరవై ఆరుకు నూట పద్దెనిమిదో మాట గడప దగ్గర ఆగింది.

"దొరికినవంటె సంపుత బిడ్డా."

వేడి ఎనభై రెండు. సోమలక్ష్మి దానికి పైనున్న నాలుగు వరసలూ చదివింది. ఇద్దరూ పిట్టలే, పిల్లలకు ఇక్కడి పేరది, ఇద్దరికీ పదమూడేళ్లు. ఒక పిట్ట లెక్కల నోటుబుక్కును రెండో పిట్ట తీసుకుపోయి మూడు రోజులైంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆమె 'పంపు' నొక్కింది. ఎందుకు అని జల్లెడ, మాటలు వడగట్టే మిషన్, అడిగింది. అది ప్రతిసారీ అడుగుతుంది, నేర్చుకోవడమంటే దానికి తిండియావ. సోమలక్ష్మి 'ప్రేమ' అని కొట్టింది. రాష్ట్రం మొత్తం మీద 'సంపుత' వేడి ఎనభై రెండు నుంచి డెబ్భై తొమ్మిదికి దిగింది. నూట పంతొమ్మిదో మాట వచ్చింది.

"ఏందే, పొద్దుగాల్నే ఎవర్ని సంపిచ్చినవ్?" పక్క కుర్చీలోంచి ముంతాజ్ అడిగింది. ఆమె ఒకప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఇప్పటికీ స్క్రీన్ వైపు వేలు చూపించి మాట్లాడుతుంది.

"లెక్కల బుక్కు పంచాది."

"నాకైతె ఒకడు 'నీ తలకాయ తింట' అంటున్నడు. మిషన్ ఏమో ఆకలి సమస్య అని రాసింది."

జనగామ గడప కేంద్రం ఒకప్పుడు ఫంక్షన్ హాలు. పెళ్లిళ్లు పెద్ద రిసార్టులకు తరలిపోయాక ప్రభుత్వం తీసుకుంది. పైకప్పుకు పూలదండల కొక్కేలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కింద నూట ఇరవై కుర్చీలు, నూట ఇరవై మంది ఆడవాళ్లు. పద్దెనిమిది నిండని పిల్లలు ఏ సైటులో ఏ మాట రాసినా అది ఈ గడప దాటే అవతలికి పోవాలి. చల్లని మాట దానంతటదే పోతుంది. వేడి డెబ్భై దాటితే ఆగుతుంది. అప్పుడు ఒక మనిషి చూడాలి, ఎందుకంటే మిషన్‌కు తెలుగు వచ్చు గానీ తెలుగువాళ్ల నోరు తెలియదు.

చూసే మనిషికి పిల్ల పేరు తెలియదు, ఊరు తెలియదు. అంకె, వయసు తెలుస్తాయి. మూడు మీటలుంటాయి: పంపు, ఆపు, పైకి. ఆపు అంటే గడప దగ్గర నిలిచిన ఆ ఒక్క మాటనే ఆపడం.

'పైకి' గురించి కేంద్రంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అది నొక్కితే పిల్ల రాసిన మాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా మూడు చోట్లకు పోతాయి. బడికి, పోలీసుకు, తండ్రి ఫోనుకు. ఈ ఏర్పాటు చేసినవాళ్లు తండ్రి అంటే ఏమనుకున్నారో తెలియదు. వాళ్ల తండ్రులు వేరే రకం అయి ఉంటారు.

సోమలక్ష్మి ఉద్యోగంలో చేరిన రెండో వారం ఒక పిట్ట తన క్లాసు పిల్లవాడికి రాసింది: "బోర్ కొడ్తుంది, లేచిపోదామా?" సోమలక్ష్మి 'పైకి' నొక్కింది. ఆ పిల్ల ట్యూషన్‌లోంచి లేచి ఇంటికి పోదామంది. ఆ సంగతి సోమలక్ష్మికి ఆరు నెలల తర్వాత తెలిసింది. అది కూడా కేంద్రం చెప్పలేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి గిర్నీగడ్డ దగ్గర టైలరు కొట్టుకు పోతే, ఆయన కూతురు నవనీత మూలన కూర్చుని కాజాలు కుడుతోంది. ఇంటర్ మానిపించాడట. "మొగపోరనితోటి లేచిపోదామని రాసింది, గవర్నమెంటోళ్లే పట్టుకున్నరు" అని గొప్పగా చెప్పాడు. "ట్యూషన్లకెల్లి లేసి ఇంటికి పోదామన్న, గంతే" అంది నవనీత, కాజా మీంచి తలెత్తకుండా. సోమలక్ష్మి జాకెట్టు అక్కడే వదిలేసి వచ్చింది. మళ్లీ ఆ వైపు పోలేదు.

అప్పటి నుంచి 'పైకి' నొక్కాలంటే ఆమెకు భయం. నొక్కకపోయినా భయమే.

పది దాటి ఏడు నిమిషాలకు నూటికొకటి వచ్చింది. గడప దగ్గర ఆగకుండా పోయిన చల్లని మాటల్లో నూటికి ఒకదాన్ని మనిషి తిరిగి చూడాలని రూలు. అందరూ చూడకుండానే 'సరే' కొడతారు. సోమలక్ష్మి కూడా కొట్టబోయింది. చివరి మాట చూసి ఆగింది. అది ఆమె మాట. ఆమె మిషన్‌కు నేర్పిన మాట.

వస్త.

రెండేళ్ల కింద జల్లెడ ఆ మాటకు తొంభై ఒకటి వేడి వేసేది. కారణం దగ్గర 'కలయిక' అని రాసేది. పిల్లలు రాత్రి పడుకోబోతూ "ఇగ వస్త" అంటే ఎవడినో కలవడానికి బయల్దేరినట్టు లెక్క కట్టేది. రోజుకు తొమ్మిది వేల మంది పిల్లల సెలవు మాటలు గడప దగ్గర ఇరుక్కుని ఉండేవి. జల్లెడ తయారుచేసిన వాళ్లు మీటింగు పెట్టి, పోయేవాడు వస్తాననడమేమిటని అడిగారు. సూపర్‌వైజర్ ఫణీంద్రది సామర్లకోట. "మా వైపూ అంతేనండీ, వస్తానండీ అనే అంటాం" అన్నాడు, కానీ ఎందుకో చెప్పలేకపోయాడు. సోమలక్ష్మి లేచి చెప్పింది. "పోత అంటే ఇంట్ల పెద్దోళ్లు తిడ్తరు సార్. పోయెటోడు వస్త అనాలె. మళ్ల మొఖం చూపిస్తనని." మాటల్లో ఆఖరి మాట 'వస్త' అయితే సెలవు, వేడి నాలుగు, అని ఆమె పేరు మీద పాఠం రాసుకున్నారు. మాటల మేటి అని ఒక కాగితం, ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. ఆ డబ్బా ఇప్పుడు ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

నూటికొకటి ఆఖరి ఎనిమిది వరసలు చూపిస్తుంది. పిట్ట ఆరువేల ముప్పై ఒకటి, పదిహేనేళ్ల ఆడపిల్ల. పిట్ట ఇరవై రెండు వందల ఎనిమిది, పదిహేడేళ్లు, ముఖముద్ర సరిపోయింది.

2208: మొన్న పోయేముందు ఏమన్నవ్?
6031: ఏమన్న అన్నా
2208: ఒక మాట అన్నవ్ కదా
6031: వస్త అన్న
2208: మరి? మాటంటే మాట. పదకొండు.
6031: గట్ల కాదు అన్నా
2208: మాట తప్పే పిల్లవనుకోలేదు నేను
6031: వస్త

వేడి ఒకటి. నిజానికి నాలుగు ఉండేది. 'మాట తప్పడం' విలువల పదం, అది ఎక్కడున్నా జల్లెడ మూడు తగ్గిస్తుంది. చోటు పేరు లేదు, ఫోటో లేదు, ఒంటి ఊసు లేదు. ఎవరో నీతి చెబుతున్నారు, ఇంకెవరో వినయంగా సెలవు తీసుకున్నారు. జల్లెడకు అంతకంటే చల్లని సంభాషణ ఉండదు.

ఆఖరి వరస పంపిన టైము పది దాటి రెండు నిమిషాలు.

సోమలక్ష్మి ఆ ఒక్క మాటను పదిసార్లు చదివింది. చదివేకొద్దీ అది అటూ ఇటూ తిరిగింది. పిల్ల అతని పోరు భరించలేక, ఇక నేను పోతున్నానని సెలవు చెప్పిందా? లేక పదకొండుకు అతన్ని కలవడానికి బయల్దేరిందా? రెండూ ఆ మాటే. ఏ అక్షరం మారదు. నలభై రెండేళ్లుగా మాట్లాడుతున్న మాట ఆమెకు మొదటిసారి పరాయి భాషలా కనిపించింది.

"ముంతాజక్కా, ఇది జూడు. ఇది ఏ వస్త?"

ముంతాజ్ కుర్చీ జరుపుకుని వచ్చి చదివింది. "పోతున్నదే. కాదు, ఆగు." మళ్లీ చదివింది. "వస్తున్నదే. అయ్యో, ఏమో."

"వానికి పదిహేడేళ్లా?" అంది సోమలక్ష్మి.

"మిషన్ అంటున్నది."

"పదిహేడేళ్ల పోరడు 'మాట తప్పే పిల్లవనుకోలేదు' అంటడా? గది మా పెనిమిటి మాట లెక్క ఉన్నది."

"ముఖముద్ర పెట్టేకాడ కొడుకును కూసోబెట్టి తీసిండేమో. పైకి నొక్కు మరి."

సోమలక్ష్మి వేలు పోయింది. ఆగింది. పిల్ల ఇంట్లోనే మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే? అప్పుడు తండ్రి ఫోనుకు మొత్తం పోతుంది. 'అన్నా' అన్న ప్రతి మాటా పోతుంది. ఇంకో నవనీత, ఇంకో మూల, ఇంకో కాజాల డబ్బా. నొక్కకపోతే? పదకొండు అవుతుంది.

"ఈ రెండువేల రెండువందల ఎనిమిదిని ఒక్కన్నే ఆపరాదా?"

"గొళ్లెం పెట్టాల్నంటె పిల్ల నోటి మాట ఉండాలె గద," అంది ముంతాజ్.

అది అందరికీ తెలుసు. స్క్రీన్ మీద కుడి మూలన ఒక బూడిదరంగు గడి ఉంటుంది. 'పిల్ల నోటి మాట' అని దాని పేరు. అందులో ఏదైనా పడితే అవతలి ఖాతాకు గొళ్లెం పెట్టి దాన్ని సూపర్‌వైజర్ తన చేత్తో మూసేయొచ్చు, తండ్రికి కబురు పోనక్కర్లేదు. చట్టం రాసిన రోజు ఎవరో మంచి మనిషి పెట్టించి ఉంటాడు. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా నిండలేదు. ఎట్లా నిండుతుంది? పిల్లను ఎవరూ ఏమీ అడగరు. పిల్లల మాటలు కోట్ల కొద్దీ చదువుతారు, వేడి చూస్తారు, మూసేస్తారు, పంపిస్తారు, తండ్రులకు పట్టిస్తారు. అడగరు. నూట ఇరవై కుర్చీల్లో ఏ కుర్చీకీ అడిగే మీట లేదు.

పిల్లల ఫోనులో తోడు అని ఒకటి ఉంటుంది, నిజమే. పసుపు పట్టీ మీద నలభై వాక్యాలు చెబుతుంది. "చిన్నారీ, అపరిచితులతో వ్యక్తిగత సమాచారమును పంచుకొనుట శ్రేయస్కరము కాదు." పిల్లలు దాన్ని దోమను తోలినట్టు వేలితో తోలేస్తారు. ఒకటి నుంచి నలభై వరకు ఏ వాక్యం పంపాలో కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎంచుకోవచ్చు. నలభై ఒకటి ఖాళీ. టెక్నీషియన్లు పరీక్షల కోసం వదిలిపెట్టిన వరస. దానిలో రాయకూడదని గోడ మీద కాగితం అంటించారు. కాగితం అంటించకపోతే అక్కడ రాయొచ్చని ఎవరికీ తెలిసేది కాదు.

సోమలక్ష్మి ఇక్కడికి రాకముందు పదకొండేళ్లు బస్సు కండక్టరు. బస్సులు వాటంతటవే టికెట్లు తీసుకోవడం మొదలుపెట్టాక ఆమెను తీసేశారు. ఆ పదకొండేళ్లూ ఆమె చేసిన పని ఒక్కటే. రోజుకు ఆరు వందల మంది ముఖాలు చూసి ఎటు అని అడగడం. బయల్దేరేవాళ్లను ఎటు అని అడగకూడదంటారు, అపశకునమంటారు. కండక్టరుకు ఆ పట్టింపు లేదు. అడగకపోతే బస్సు నడవదు.

ఆమె నలభై ఒకటి నొక్కింది.

"బిడ్డా, వస్త అన్నవ్. పోతున్నవా, వస్తున్నవా?"

"నీకు దయ్యం పట్టింది," అంది ముంతాజ్. కుర్చీ మాత్రం వెనక్కి జరపలేదు.

అర నిమిషం ఏమీ రాలేదు. తర్వాత బూడిదరంగు గడిలో ఒక గీత కొట్టుకోవడం మొదలైంది. అవతల ఎవరో రాస్తున్నారు.

6031: ఎవరు
"తోడు."
6031: తోడు గిట్ల మాట్లాడదు
"కాదు. నీ మాటలు చదివేటోళ్లల్ల ఒకదాన్ని."
6031: అన్నీ చదువుతరా
"నూటికొకటి."
6031: సిగ్గులేదా
"ఉన్నది."

ముంతాజ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

6031: మా నాయినకు చెప్తరా
"ఇప్పటిదాంక చెప్పలే. యాడున్నవ్?"
6031: బస్సుల
"ఏ ఊరు దాటినవ్?"
6031: ఘన్‌పూర్

హనుమకొండ బస్సు. ఘన్‌పూర్ దాటితే ఇంకా అరగంట. ఆ రోడ్డు మీద ప్రతి గుంతా సోమలక్ష్మి నడుముకు తెలుసు.

"నీకు పోవాల్నని ఉన్నదా?"

గీత కొట్టుకుంది, ఆగింది, కొట్టుకుంది. ఆఖరికి అంతా ఒక్కసారే వచ్చింది.

6031: నాకు తెల్వదు. మొన్న రాత్రి ఊకె వస్త అన్న. పండుకుంటందుకు అన్న. పొద్దుగాల లేస్తె వస్తనని మాటిచ్చినవ్ అన్నడు. నేను గట్ల అనలే అంటె సూపిచ్చిండు. నేనే రాసిన. నా మాటే. రెండు రోజుల సంది అదే అంటున్నడు. రెండోసారి అన్నది ఏ వస్తనో నాకే తెల్వదు. మాటిచ్చిన్నేమో మరి

సోమలక్ష్మి కళ్లు మండాయి. మిషన్ సెలవనుకుంది, అది నిజమే. పిల్ల కూడా సెలవే అంది. ఆ ఒక్క మాటకు రెండు ముఖాలుంటాయని తెలిసినవాడు ఒకడే, వాడు రెండో ముఖం పట్టుకుని పిల్లను లాగుతున్నాడు. వాడికి తెలుగు బాగా వచ్చు.

"మాటియ్యలే బిడ్డా. మా మిషన్‌ల రాసి ఉన్నది. ఆఖరికి వస్త అంటే సెలవు. నేనే రాయించిన. గవర్నమెంటు ముద్ర ఉన్నది దాని మీద."

6031: నిజంగనా
"నిజంగ. మడికొండల దిగు. రోడ్డు దాటితే ఆంజనేయసామి బొమ్మ ఉంటది, ఆడ నిలవడు. ఇటు బస్సు పావుగంటకొకటి."

జవాబు రాలేదు. పది ముప్పై అయింది.

కేంద్రంలో ప్రతి నొక్కుడూ పాఠమే. అరగంటకోసారి ఆ పాఠాలను జల్లెడ మూటకట్టి రాష్ట్రంలోని అన్ని తోడులకూ పంచుతుంది. నలభై ఒకటో వరస పరీక్షల కోసమని మనుషులకు తెలుసు. గోడ మీది కాగితం జల్లెడ చదవలేదు. దానికి తెలిసిందల్లా ఒక్కటే. ఒక పిల్ల తోడుకు జవాబిచ్చింది. ఇన్నేళ్లలో ఏ పిల్లా ఇవ్వలేదు. అంటే ఇదే సరైన వాక్యం.

పది ముప్పైకి, ఆ వారంలో ఎవరికైనా ఆఖరికి 'వస్త' అన్న ప్రతి పిట్ట ఫోనులో పసుపు పట్టీ వెలిగింది. బిడ్డా, వస్త అన్నవ్. పోతున్నవా, వస్తున్నవా?

మొదట రెండు మూడు స్క్రీన్ల మీద బూడిదరంగు గడి మెరిసింది. తర్వాత వరస మొత్తం. తర్వాత హాలు మొత్తం. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఎక్కువ భాగం తిట్లే. "నీకెందుకే." "ఫోన్‌కు పిచ్చి లేసింది." "స్నానానికి పోతున్న, వస్తవా?" జల్లెడ వాటికి వేడి వేయలేకపోయింది. పిల్లలు మిషన్‌తో మాట్లాడితే ఎన్ని డిగ్రీలో దానికి ఎవరూ నేర్పలేదు. అంకె ఉండాల్సిన చోట చుక్కలు తిరిగాయి.

ఫణీంద్ర మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో సగం తాగిన టీ గ్లాసు అలాగే ఉంది.

"ఏం నొక్కారమ్మా మీరు?"

"అడిగిన సార్."

"ఏమని?"

"ఎటు అని."

"అడగడం మన పని కాదు కదండీ. రూలు మీకు తెలుసు. పైవాళ్లకి నేనేం చెప్పుకోవాలి?"

"జర ఇది సదువున్రి సార్. తర్వాత తిట్టున్రి."

ఆమె 2208 అని కొట్టి వెతికింది. ఆ ఖాతాతో మాట్లాడే పిట్టలు పధ్నాలుగు మంది. అందులో ఈ పిల్ల కాక ఇంకో ఐదుగురి బూడిదరంగు గళ్లు నిండి ఉన్నాయి.

"నేను పోతున్న అన్న. ఆయన వస్తున్నవన్నడు."

"వచ్చే ఆదివారం రమ్మన్నడు. వస్త అన్నవ్ గదా అని."

"మీరు ఆయన మనిషేనా?"

"ఎవరికీ చెప్పొద్దు."

ఐదో గడిలో ఒకే మాట ఉంది. "పోయిన."

ముంతాజ్ కొంగు నోటి నుంచి కళ్లకు పోయింది. ఫణీంద్ర టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చుట్టూ చూశాడు, చివరకు నేల మీద పెట్టాడు.

"పిల్ల నోటి మాట," అన్నాడు మెల్లగా. "ఆరండీ."

"ఒకటి సాలని రూలు సార్."

"నాకు తెలుసండీ. ఇది ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. నొక్కితే ఏమవుతుందో నాకే తెలీదు."

"నాకూ తెల్వదు సార్."

అతను ఆమె భుజం మీదుగా వంగి, బొటనవేలు స్క్రీన్ మీద ఆనించి పట్టుకున్నాడు. గొళ్లెం పడింది. 2208 అంకె మీద అడ్డగీత వచ్చింది. పది నలభై ఒకటి. గొళ్లెం కబురు పోలీసులకు మాత్రమే పోయింది. ఆ వెంటనే సోమలక్ష్మి స్క్రీన్ నల్లబడింది. 'ఈ కుర్చీ విచారణలో ఉంది' అని తెల్ల అక్షరాలు వచ్చాయి.

"అది నేను చెయ్యలేదండీ," అన్నాడు ఫణీంద్ర. "దానంతటదే."

"తెల్సు సార్."

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుంది. పోబోయి పోలేక ముంతాజ్ కుర్చీ వెనక నిలబడింది. ఆరువేల ముప్పై ఒకటి అక్కడ తెరిచి ఉంది. గీత కొట్టుకోవడం లేదు. పది నలభై ఐదు. పది యాభై. పిల్ల దిగిందో, దిగలేదో. గొళ్లెం పడ్డ సంగతి పిల్లకు తెలియదు. తాను ఇచ్చిందో ఇవ్వలేదో తెలియని మాట కోసం బస్టాండు దాకా పోయి నిలబడవచ్చు. హాల్లో వందల గళ్లు మెరుస్తున్నాయి, ఆమె ఒక్కదాన్నే చూస్తోంది.

పది యాభై నాలుగుకు వచ్చింది.

6031: మడికొండల దిగిన. ఆంజనేయసామి బొమ్మ కాడ ఉన్న. బస్సొస్తుంది. ఇగ వస్త అక్కా

ఎవరూ ఏమీ నొక్కకముందే తోడు దానంతటదే అడిగింది. పోతున్నవా, వస్తున్నవా?

6031: ఇంటికి పోతున్న. రేపు మళ్ల వస్త. మాట్లాడాల్నని ఉన్నది. నువ్వుంటవా

"అడుగుతున్నది," అంది ముంతాజ్. "ఏం కొట్టాలె?"

సోమలక్ష్మి నల్లబడ్డ తన స్క్రీన్ వైపు చూసింది. ఫణీంద్ర ముఖం చూసింది. అతను ముఖం తిప్పుకుని నేల మీది గ్లాసును చూస్తున్నాడు.

"ఉంట అని కొట్టు."

ముంతాజ్ నలభై ఒకటి తీసింది. ఆ రెండు అక్షరాలు కొట్టి, వేలు ఆపింది. "ఉంట అంటే ఫోన్ పెట్టేసేటప్పుడు గూడ అంటరు గదనే. ఉంట మరి అని. ఇది ఏ ఉంట?"

ఆమె పంపేలోపే మాట కింద చుక్కలు తిరిగాయి. తిరిగి తిరిగి ఆగాయి. అంకె రాలేదు. కారణం రాలేదు. స్క్రీన్ అడుగున పసుపు పట్టీ వెలిగింది. ఇన్నేళ్లూ అది పిల్లల ఫోనుల్లో తప్ప ఈ హాల్లో ఎప్పుడూ వెలగలేదు.

బిడ్డా, ఉంట అన్నవ్. ఉంటున్నవా, పోతున్నవా?

సోమలక్ష్మి డబ్బా కింద పెట్టి, తన కుర్చీని ముంతాజ్ పక్కకు లాక్కుని కూర్చుంది.